చట్టం అందరి చెవులకూ ఒక్కటే

(పట్టణంలోని మస్జిదు కమిటీల బాధ్యులు, ఉలమాలు, యువజనులు, మహిళలు పాల్గొన్న సమావేశంలో మా బృందం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పట్టణంలో శబ్ద కాలుష్యం, దానిపై అమలులో ఉన్న నిబంధనలు, ఆ నిబంధనల ముందు మన బాధ్యత, మన హక్కు - ఇవీ ఈనాటి సమావేశానికి నిర్ణయించిన అంశాలు. వక్ఫ్ భూముల సమస్య ఉంది, పిల్లల స్కాలర్‌షిప్పుల సమస్య ఉంది, ఉద్యోగాల సమస్య ఉంది, ఇన్ని ఉండగా మైకుల మీద సమావేశం దేనికని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే కొన్ని నెలల క్రితం మా చేతికి రెండు కాగితాలు వచ్చాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత ఈ విషయాన్ని వాయిదా వేయడం తగదని మాకు తోచింది.

రెండు కాగితాలు

మొదటి కాగితం ఒక ఉత్తరం. మన మొహల్లాలోనే ఉంటూ ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మస్జిదు కమిటీ సదర్ సాహెబ్‌కు రాసింది. పరీక్షలు దగ్గర పడ్డాయి. వరుసగా మూడు రాత్రులు జల్సా జరిగింది. వీధి పొడవునా కరెంటు స్తంభాలకు హారన్లు కట్టారు. వాటిలో ఒకటి సరిగ్గా ఆ అమ్మాయి ఇంటి కిటికీకి ఎదురుగా వచ్చింది. రాత్రి ఒంటిగంట దాకా అది మోగుతూనే ఉంది. ఇంట్లో రక్తపోటుతో బాధపడే నానమ్మ ఉంది, తెల్లవారుజామున పనికి వెళ్ళవలసిన తండ్రి ఉన్నాడు. ఆ అమ్మాయి జల్సా వద్దని రాయలేదు. తనకూ బయాన్ వినాలని ఉందని, కానీ నాలుగు హారన్ల మాటలు ఒకదానిమీద ఒకటి పడి ఒక్క ముక్కా అర్థం కావడం లేదని, రాత్రి పది దాటిన తరువాత బయటి హారన్లు ఆపించి లోపల మాత్రమే మైకు పెట్టమని అడిగింది. అంతే.

ఆ ఉత్తరం కమిటీలో చదివినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. దీన్ మాటలు వినడం పిల్లలకు భారమైపోయిందా అన్నారు. తండ్రిని పిలిపించారు. ఆయన అందరి ముందూ చేతులు కట్టుకుని, పిల్లది, తెలియక రాసింది, మన్నించమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయికి జవాబు మాత్రం ఎవరూ రాయలేదు. ఆ రోజు అక్కడ కూర్చున్నవారిలో మా బృందం సభ్యులూ ఉన్నారు. వారూ నోరు మెదపలేదు. ఈ మాట మేము సిగ్గుతోనే ఒప్పుకొంటున్నాము.

రెండో కాగితం ఒక నోటీసు. ఆ తరువాత కొద్ది రోజులకే ఠాణా నుంచి వచ్చింది. మస్జిదుపై ఉన్న హారన్లను వెంటనే దించివేయాలని అందులో ఉంది. ఏ నిబంధన కింద అన్నది లేదు. ఎవరైనా ఫిర్యాదు చేశారా, ఎప్పుడు కొలిచారు, ఎన్ని డెసిబెళ్ళు వచ్చాయి అన్నదేమీ లేదు. మేము విచారించినంతలో ఆ వారం పట్టణంలోని పలు మస్జిదులకు ఇదే కాగితం వచ్చింది. అదే రోడ్డు మీద అర్ధరాత్రి దాకా డీజేలు మోగించే ఫంక్షన్ హాళ్ళకు రాలేదు. ఎవరెవరికి నోటీసులిచ్చారో తెలుపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే, అలాంటి రిజిస్టరు నిర్వహించడం లేదని సమాధానం వచ్చింది.

మొదటి కాగితం మనల్ని ప్రశ్నిస్తోంది. రెండో కాగితాన్ని మనం ప్రశ్నించవలసి ఉంది. మొదటిదానికి జవాబు చెప్పనంతవరకు రెండోదాన్ని ప్రశ్నించడానికి మనకు నోరు రాదు. ఈనాడు మేము చెప్పదలచిన మాటంతా ఇదే. తక్కినది దాని వివరణ.

నిబంధనలు ఏమి చెబుతున్నాయి

పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలను జారీ చేసింది. దేశమంతటా ఇవే అమలులో ఉన్నాయి. వీటిని మన మస్జిదు కమిటీలలో చదివినవారు బహు కొద్దిమంది. కనుక ముఖ్యమైన విషయాలను క్రమంగా వివరిస్తాము.

నిబంధనలు ప్రాంతాలను నాలుగు రకాలుగా విభజించాయి. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెళ్ళు. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు.

లౌడ్‌స్పీకర్ వాడడానికి అధికారి నుంచి రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు, లేదా డీఎస్పీ హోదాకు తగ్గకుండా ప్రభుత్వం నియమించిన అధికారి దానిని ఇస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసివున్న సభాభవనం వంటి చోట లోపల తప్ప బయటికి మైకు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంగా సంవత్సరం మొత్తం మీద 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజులేవో ప్రభుత్వమే ముందుగా నిర్ణయించాలి. మన ఇష్టం వచ్చిన రోజును మనమే పండుగగా లెక్కవేసుకోవడానికి వీలు లేదు. అర్ధరాత్రి దాటిన తరువాత ఆ సడలింపు కూడా వర్తించదు.

మైకు వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర కొలిస్తే, ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెళ్ళు, లేదా 75 డెసిబెళ్ళు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదు. అంటే నివాస ప్రాంతంలో పగటిపూట 65 డెసిబెళ్ళు. ప్రైవేటు స్థలమైతే ఆ మినహాయింపు 5 డెసిబెళ్ళు మాత్రమే.

ఈ అంకెలు ఏమిటో అర్థం కావడానికి ఒక లెక్క చెబుతాము. డెసిబెల్ మామూలు కూడికల కొలత కాదు. 10 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లవుతుంది. మీటరు దూరంలో 110 డెసిబెళ్ళు పలికే హారన్ ఆరుబయట 10 మీటర్ల దూరంలో దాదాపు 90, 100 మీటర్ల దూరంలో దాదాపు 70 పలుకుతుంది. ఇరుకు సందులలో గోడలకు తగిలి తిరిగివచ్చే ధ్వని వల్ల అంతకూ తగ్గకపోవచ్చు. కిటికీ ఎదురుగా హారన్ ఉన్న ఇంటివారు ఏ స్థితిలో ఉంటారో, ఆ అమ్మాయి ఉత్తరంలో అతిశయోక్తి ఉందో లేదో ఈ లెక్కతో మీరే తేల్చుకోవచ్చు.

ఈ చట్టం మనపై కక్షతో పుట్టలేదు

ఈ నిబంధనలు మన అజాన్‌ను ఆపడానికే తెచ్చారన్న అభిప్రాయం మన యువకులలో చాలామందికి ఉంది. అది సరికాదు. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయంపై తీర్పు ఇచ్చిన కేసు చెన్నైలోని ఒక చర్చికి, ఆ కాలనీ నివాసుల సంఘానికి మధ్య నడిచినది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి, మైకులతో, డప్పులతో ప్రార్థన చేయాలని ఏ మతమూ విధించలేదని న్యాయస్థానం అప్పుడు చెప్పింది. ఆ మాట అన్ని మతాలకూ వర్తిస్తుంది.

2005 జూలైలో జస్టిస్ ఆర్.సి. లహోటీ, జస్టిస్ అశోక్ భాన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మరింత సమగ్రమైనది. ఆ కేసు న్యాయస్థానానికి రావడానికి కారణమైన సంఘటన హృదయవిదారకమైనది. పదమూడేళ్ళ బాలికపై అత్యాచారం జరిగింది. సాయం కోసం ఆమె వేసిన కేకలు పొరుగున మోగుతున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆ బిడ్డ నిప్పంటించుకుని మరణించింది. మైకు శబ్దం అంటే కేవలం చిరాకు కలిగించే విషయమని అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. మాట్లాడే హక్కు ఉన్నవాడికి ఎదుటివాడి చేత బలవంతంగా వినిపించే హక్కు లేదని, ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు సారాంశం. మతస్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం కూడా ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడే ఆ స్వేచ్ఛను ఇచ్చిందన్నది మనం మరువరాదు.

మన ధర్మం ఏమి నేర్పింది

చట్టం సంగతి అలా ఉంచి, మన ధర్మం వైపు చూద్దాం. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశాలలో స్వరాన్ని తగ్గించుకోమన్నది ఒకటని సూరా లుఖ్మాన్ తెలుపుతోంది. నమాజులో స్వరం మరీ హెచ్చుగా గాని, మరీ తగ్గుగా గాని ఉండక మధ్యస్థంగా ఉండాలని సూరా బనీ ఇస్రాయీల్ బోధిస్తోంది. ప్రయాణంలో బిగ్గరగా తక్బీర్ పలుకుతున్న సహచరులను దైవప్రవక్త (స) వారించి, మీరు పిలుస్తున్నది చెవిటివాడినీ కాదు, దూరాన ఉన్నవాడినీ కాదన్న భావంతో హితవు చెప్పిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉండగా, కొందరు గొంతెత్తి ఖుర్‌ఆన్ పఠించడం విని ఆయన తెర తొలగించి, ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో ఏకాంతంగా సంభాషిస్తున్నారు, ఒకరి వల్ల ఒకరికి ఇబ్బంది కలగరాదన్న భావంతో చెప్పినట్టు అబూదావూద్‌లో ఉంది. ఖుర్‌ఆన్ పఠనమే పక్కవాడికి ఇబ్బంది కలిగించరాదన్నప్పుడు మన జల్సా ఉపన్యాసాల స్థానమేమిటో మనమే ఆలోచించుకోవాలి.

ఇక అజాన్ విషయం. మదీనాలో నమాజుకు ప్రజలను ఎలా పిలవాలన్న చర్చ వచ్చినప్పుడు కొందరు గంట మోగిద్దామన్నారు, కొందరు బాకా ఊదుదామన్నారు. చివరికి నిలిచింది మనిషి గొంతు. దూరానికి వినిపించే శ్రావ్యమైన స్వరం ఉన్నందువల్ల ఆ బాధ్యత హజ్రత్ బిలాల్ (ర)కు దక్కింది. మస్జిదు పరిసరాలలో అన్నింటికంటే ఎత్తుగా ఉన్న ఒక మహిళ ఇంటి కప్పుపై నిలబడి ఆయన ఫజ్ర్ అజాన్ పలికేవారు. అంటే అజాన్ దూరానికి చేరాలన్నది నిజమే. దానిని గొంతెత్తి పలకడం సున్నత్ అన్నదీ నిజమే. అయితే అది ఒక మనిషి గొంతు చేరగలిగినంత దూరం. లౌడ్‌స్పీకర్ మన మస్జిదులకు వచ్చినది గత శతాబ్దంలోనే. తొలిరోజులలో నమాజులో దాని వాడకంపై మన దేశపు ఉలమాలే సందేహాలు వెలిబుచ్చారు. అలాంటి పరికరం నేడు దీన్‌లో భాగమైనట్టు మనం మాట్లాడడం తగునా?

ముస్లిములే అధిక సంఖ్యలో ఉన్న దేశాలు ఏమి చేశాయో చూడండి. 2021 మే నెలలో సౌదీ అరేబియా ఇస్లామీ వ్యవహారాల మంత్రిత్వశాఖ మస్జిదు బయటి స్పీకర్లను అజాన్‌కు, ఇఖామత్‌కు మాత్రమే పరిమితం చేసి, వాటి ధ్వనిని పూర్తిస్థాయిలో మూడో వంతుకు మించరాదని ఆదేశించింది. 2022లో ఇండోనేషియా మత వ్యవహారాల మంత్రిత్వశాఖ మస్జిదు స్పీకర్ల ధ్వనికి 100 డెసిబెళ్ళ పరిమితి పెట్టింది. అక్కడ వీటిని ఇస్లాంపై దాడిగా ఎవరూ కొట్టిపారేయలేరు. ఇరుగుపొరుగు, రోగులు, పసిపిల్లలు అన్న ఆలోచనే ఆ నిర్ణయాల వెనుక ఉన్నది.

ఫజ్ర్ అజాన్ చిక్కుముడి

ఇక్కడ ఒక చిక్కును దాచకుండా చెప్పాలి. మన తెలుగు నేల మీద ఏ ఋతువులోనైనా ఫజ్ర్ వేళ ఉదయం 6 గంటలకు ముందే వస్తుంది. కనుక బయటి హారన్‌తో ఫజ్ర్ అజాన్ ఇస్తే అది నిబంధన నిర్వచించిన రాత్రివేళలోనే పడుతుంది. మిగిలిన నాలుగు అజాన్లకు అనుమతి తీసుకుని, ధ్వని పరిమితి పాటిస్తే ఏ చిక్కూ లేదు. ఫజ్ర్ విషయంలో మాత్రం చట్టం మన వైపు ఉందని మేము మీకు చెప్పలేము.

న్యాయస్థానాలు ఏమన్నాయో కూడా రెండు వైపులా తెలుసుకోవాలి. 2020 మే నెలలో, లాక్‌డౌన్ కాలంలో, అజాన్ ఇస్లాంలో అవిభాజ్యమైన భాగమని, మైకు లేకుండా మనిషి గొంతుతో అజాన్ ఇవ్వడాన్ని ఆపజాలరని అలహాబాద్ హైకోర్టు చెప్పింది. లౌడ్‌స్పీకర్ మాత్రం అవిభాజ్య భాగం కాదన్నది. అజాన్ పదాలు ఇతర మతస్థుల మనసు నొప్పిస్తాయన్న వాదనను 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు తోసిపుచ్చింది. శబ్ద నిబంధనలు అమలు చేయమని మాత్రం ఆదేశించింది. మస్జిదులపై లౌడ్‌స్పీకర్లను నిషేధించమని వచ్చిన పిటిషన్‌ను 2023 నవంబరులో గుజరాత్ హైకోర్టు కొట్టివేసింది. పది నిమిషాలలోపు ముగిసే అజాన్ కాలుష్యమని చెప్పడానికి శాస్త్రీయమైన ఆధారమేదని, తెల్లవారుజామున ఆలయాలలో డప్పులతో జరిగే హారతి సంగతేమిటని ఆ ధర్మాసనం పిటిషనరును అడిగింది. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు లౌడ్‌స్పీకర్ వాడకం ఏ మతానికీ తప్పనిసరి ఆచారం కాదని చెబుతూ, ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకుండా పోలీసులు చర్య తీసుకోవాలని సూచించింది.

వీటన్నిటి సారం ఒక్కటే. అజాన్‌కు రక్షణ ఉంది, హారన్‌కు లేదు. ముంబైలో పలు మస్జిదులు 2022లోనే ఫజ్ర్ అజాన్‌కు బయటి మైకు మానుకున్నాయి. 2025లో అక్కడి కొన్ని మస్జిదులు అజాన్‌ను ఫోన్‌లోనే వినిపించే యాప్‌ను వాడసాగాయి. ఫజ్ర్ అజాన్‌ను లోపలి స్పీకరుతో, లేదా మినారు మెట్టుపై నిలబడి గొంతుతో ఇచ్చే పద్ధతి మనకు అవమానమేమీ కాదు. బిలాల్ (ర) పద్ధతి అదే కదా.

సమానంగా అమలు కావాలి

ఇంతవరకు మన తప్పులు మాట్లాడుకున్నాం. ఇక ప్రభుత్వాన్ని అడగవలసినది అడుగుదాం.

2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో ఒక రాజకీయ నాయకుడు మే 3 లోగా మస్జిదుల మైకులు దించకపోతే వాటి ఎదుట హనుమాన్ చాలీసా మోగిస్తామని గడువు పెట్టాడు. శబ్దానికి మరింత శబ్దంతో జవాబు చెబుతామనడంలో శబ్ద కాలుష్యంపై ఆందోళన ఎక్కడుంది? అదే ఏడాది శ్రీరామనవమి ఊరేగింపుల సమయంలో మస్జిదుల ఎదుట డీజే పాటలపై మొదలైన వివాదాలు పలు రాష్ట్రాలలో ఉద్రిక్తతలకు దారితీశాయి. మస్జిదు ముందు మేళతాళాలన్న వివాదం 1920లలో, బ్రిటిష్ పాలనలో ఎన్ని అల్లర్లకు కారణమైందో చరిత్ర చదివినవారికి తెలుసు. శబ్దాన్ని ఆయుధంగా వాడుకునేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. వారిని అడ్డుకునే సాధనం కూడా ఈ నిబంధనలే. కనుక ఇవి బలహీనపడితే ముందుగా నష్టపోయేది మనమే.

14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చెబుతోంది. మస్జిదుకు కొలత ఎంతో ఆలయానికి, చర్చికి, ఫంక్షన్ హాలుకు, రాజకీయ పార్టీ సభకు అంతే ఉండాలి. నోటీసు ఇస్తే ఏ నిబంధన కింద ఇచ్చారో రాయాలి. ధ్వని కొలిస్తే ఏ పరికరంతో, ఎక్కడ, ఏ సమయంలో కొలిచారో చెప్పాలి. 8వ నిబంధన ప్రకారం శబ్దాన్ని నిషేధించే ఆదేశం రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఆదేశంతో నష్టపోయినవారు దానిని మార్చమని దరఖాస్తు పెట్టుకుంటే, స్వయంగా గాని, ప్రతినిధి ద్వారా గాని తమ వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి. దరఖాస్తును తోసిపుచ్చితే కారణాలు నమోదు చేయాలి. ఈ హక్కు కాగితం మీద ఉంది. మనం అడగనందువల్లనే అది అక్కడే ఉండిపోయింది.

డీజేల సంగతి

2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపులలో డీజే సౌండ్ సిస్టమ్‌లను, బాణసంచాను నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశారు. అంతకుముందు రాజకీయ, మత ప్రముఖులతో సమావేశం జరిపారు. ఆ ఏడాది గణేశ్ నిమజ్జనంలోనూ, మీలాద్ ఊరేగింపులలోనూ డీజేల హోరుపై వచ్చిన ఫిర్యాదులే దానికి నేపథ్యం. ఇక్కడ 'మీలాదులోనూ' అన్న మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. స్వరం తగ్గించుకోమని బోధించిన ప్రవక్త (స) పుట్టినరోజు పేరిట గుండెలదిరే డీజేలతో మన పిల్లలు వీధుల్లో ఊగడం ఆయన ప్రేమకు చిహ్నమని ఏ ఆలిమ్ చెప్పగలరు? హైదరాబాద్ ఉలమాలలో పలువురు దీనిని ఖండించారు. మన పట్టణంలో కూడా అదే మాట మింబర్ మీది నుంచి రావాలి.

మన సముదాయం సంయమనం చూపిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2023లోనూ, 2024లోనూ మీలాద్, నిమజ్జనం దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు హైదరాబాద్‌లో నిర్వాహకులు మీలాద్ ఊరేగింపును స్వచ్ఛందంగా వాయిదా వేసుకున్నారు. దానివల్ల మనకు ఏమీ తగ్గలేదు. ఆ విజ్ఞత తేదీ విషయంలో చూపగలిగినవాళ్ళం డీజే విషయంలోనూ చూపగలం. పెళ్ళి బరాతులకు, షబె బరాత్ రాత్రి సైలెన్సర్లు తీసేసి తిరిగే మోటారు సైకిళ్ళకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మనం చేయవలసిన పనులు

మా బృందం తరఫున కొన్ని ప్రతిపాదనలు మీ ముందు ఉంచుతున్నాము.

మొదటిది: ప్రతి మస్జిదు కమిటీ లౌడ్‌స్పీకర్ అనుమతికి రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, అందినట్టు రసీదు తీసుకుని భద్రపరచాలి. అనుమతి గడువు ముగియకముందే మళ్ళీ దరఖాస్తు చేయాలి.

రెండోది: బయటి హారన్‌ను అజాన్‌కు మాత్రమే వాడాలి. జుమా ఖుత్బా, తరావీహ్, బయాన్, నాత్‌లు లోపలి స్పీకర్లతో సరిపెట్టుకోవాలి. చందాల ప్రకటనలు హారన్‌లో చదవడం పూర్తిగా మానాలి.

మూడోది: హారన్ల సంఖ్య తగ్గించాలి. కిటికీలకు, ఆసుపత్రులకు, బడులకు ఎదురుగా ఉన్నవాటిని తిప్పాలి. యాంప్లిఫయర్‌పై పరిమితి దగ్గర గుర్తు పెట్టి, దానిని దాటించే అధికారం ఒక్కరికే ఇవ్వాలి. ఫోన్ యాప్‌లతో కొలిస్తే అంచనా మాత్రమే దొరుకుతుంది. కనుక సరైన కొలత పరికరం ఉన్న అధికారులను మనమే పిలిచి కొలిపించుకుని, ఆ వివరం రాయించుకోవాలి.

నాలుగోది: వీధిలో మూడు నాలుగు మస్జిదులు ఉన్నచోట అవి మాట్లాడుకుని ఒక మస్జిదు అజాన్ బయటికి, మిగిలినవి లోపలికి ఇచ్చే ఏర్పాటు చేసుకోవాలి. ఒకదానిపై ఒకటి పడే అజాన్ల కంటే స్పష్టంగా వినిపించే ఒక్క అజాన్‌కే గౌరవం ఎక్కువ.

అయిదోది: జల్సాలు రాత్రి 10 గంటలకు ముగియాలి. అంతకుమించి సాగేవాటిని హాలు లోపలే జరపాలి. ఇంటర్, పదో తరగతి పరీక్షల కాలంలో వీధి జల్సాలు పెట్టరాదు.

ఆరోది: నోటీసు వస్తే ఆవేశపడి ఠాణా ముందు గుమిగూడరాదు. అడ్వకేటు సలహాతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. హారన్ తీసుకువెళితే పంచనామా, రసీదు అడగాలి. ఎవరిపైనైనా వివక్ష జరిగిందనిపిస్తే తేదీలు, సమయాలు, ఫోటోలతో వివరాలు రాసి ఉంచుకోవాలి. అలాంటి కాగితాలు ఉంటే న్యాయస్థానంలో మన మాట నిలుస్తుంది.

ఏడోది: ఆలయ, చర్చి కమిటీలతో కలిసి పట్టణ స్థాయిలో ఒక అవగాహనకు రావాలి. పరీక్షలు వారి పిల్లలకూ ఉన్నాయి, రోగులు వారి ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ సంభాషణను మనమే మొదలుపెట్టాలి. ముందుగా మన హారన్ తిప్పుకుని వెళితే వారు మన మాట వింటారు.

చివరి మాట

హక్కుల కోసం పనిచేసేవారికి ఒక ప్రమాదం ఉంటుంది. ఎదుటివారు మనకు చేసే అన్యాయాన్ని లెక్కపెడుతూ, మన ఇంట్లోనే బలహీనులకు మనం చేసే అన్యాయాన్ని చూడలేకపోతాం. ఆ అమ్మాయి విషయంలో మేము చేసిన తప్పు అదే. ఆమె అడిగినది మైనారిటీ హక్కు కంటే చిన్నది, సున్నితమైనది. నిద్రపోవడానికి, చదువుకోవడానికి కాస్త నిశ్శబ్దం. దానిని మనం ఇవ్వలేకపోతే రేపు మన మీద చట్టాన్ని వంకరగా ప్రయోగించేవారిని ఏ నోటితో నిలదీస్తాం?

కనుక ఈ సమావేశం ముగిసేలోపు ఒక పని చేయాలని కోరుతున్నాము. కమిటీ లెటర్‌హెడ్ మీద, సదర్ సాహెబ్ సంతకంతో ఆ అమ్మాయికి జవాబు రాయాలి. ఆలస్యమైనందుకు మన్నించమని, రాత్రి 10 తరువాత బయటి హారన్లు ఆపుతున్నామని, ఆమె కిటికీ ఎదుటి హారన్‌ను తీసివేశామని అందులో ఉండాలి. కమిటీ ముందు తల వంచుకుని నిలబడిన ఆమె తండ్రికి ఆ జవాబును పెద్దలే స్వయంగా తీసుకువెళ్ళి ఇవ్వాలి. ఆ తరువాత రెండో కాగితానికి, ఠాణా నోటీసుకు, మనందరి సంతకాలతో జవాబు పంపుదాం. అందులో అడగవలసినవన్నీ తల ఎత్తి అడుగుదాం.

పొరుగువారికి మన వల్ల బాధ కలగకుండా జీవించే సద్బుద్ధిని, మనకు జరిగే అన్యాయాన్ని న్యాయమార్గంలో ఎదిరించే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.

అస్సలాము అలైకుమ్.